నాశనం చేసినవారి సంతకం

యలహంకలో మా ల్యాబుకు రెండు తలుపులు.
ఒకటి కళాకారులకు, ఒకటి చెత్తకు.
నేను ఓబులేసును, హిందూపురం వాణ్ణి.
రెండోదాని తాళంచెవి నా మొలతాడుకుంటుంది.

సౌపర్ణిక మేడం నలభై ఒక్క చెరువులు పెంచింది,
అరచేయంత ప్లాస్టిక్ పళ్ళేల్లో,
జున్నులా వణికే అగర్ మీద,
పాత పటం చూసి గట్లు గీసి.
ఇది ధర్మాంబుధి, ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు.
ఇది సంపంగి కెరె, ఇప్పుడు పరుగుపందేల మైదానం.
ఇంకోదానికి పేరు కూడా మిగల్లేదు,
సర్వే నంబరు రాసి అంటించింది.

వాటిలో నీళ్ళు లేవు. సూక్ష్మజీవులున్నాయి.
వాటి లోపలి రాతలో ఎక్కడో
ఇంకో జీవిది ఒక వాక్యం తెచ్చి అతికించిందట:
ఫలానా చక్కెర తగిలితే నీలిమందు చెయ్యి, అని.
తగిలించింది. చేశాయి.
మూడోరోజు పొద్దున తలుపు తీసేసరికి
బల్ల మీద బెంగళూరు నీలంగా ఉంది.

చెప్పొద్దూ, ఒళ్ళు జలదరించింది.
ఇరవై ఏళ్ళుగా బస్సు దిగి
నేను తొక్కుతున్నది నీళ్ళనా?

చూడ్డానికొచ్చినవాళ్ళు రకరకాలు.
'దేవుడి పని మీకెందుకు' అన్నాడొకాయన,
ఫోటో తీసుకున్నాకే అన్నాడు.
'వీటికి నొప్పుంటుందా' అని ఒకామె.
మేడం చాలాసేపు పళ్ళెం వైపే చూసి
'లేదనే అనుకుంటున్నాం' అంది.
అనుకుంటున్నాం. ఆ మాట నాకు నచ్చింది.
తెలుసు అని ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

ఐదో తరగతో ఏమో, రెండు జడల పిల్ల,
'కొంచెం తోడుకిస్తారా, ఇంట్లో పెంచుకుంటా' అంది.
అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.
మా ఇంట్లో పెరుగుకు తోడు పై పోర్షన్ మంజుళమ్మది.
ఆమెకు ఎవరిచ్చారో, వాళ్ళకెవరో.
చెంచాడు ప్రాణం గిన్నె నుంచి గిన్నెకు
మెట్లు దిగి వస్తుంది,
ఏ కమిటీ అనుమతీ అడగకుండా.
ఇవి మాత్రం గడప దాటకూడదు.
దాటితే ఏమవుతుందో తెలీదు.
తెలీనిదాన్ని పుట్టించొచ్చు, పంపకూడదు.
మంచి నియమమే.
ఆ పిల్లకు చెప్పడానికే నోరు రాలేదు.

పన్నెండో రోజు రిజిస్టరు నా ముందుకొచ్చింది.
'తయారుచేసినవారు' గడిలో ఆమె సంతకం, తీగలా పాకుతూ.
'నాశనం చేసినవారు' గడిలో నాది.
ప్రదర్శన పుస్తకంలో నా పేరు లేదు.
ఇక్కడ నలభై ఒక్కసార్లు ఉంది.

నూట ఇరవై ఒక్క డిగ్రీలు, ఇరవై నిమిషాలు.
ఆటోక్లేవు మన కుక్కరుకు పెద్దన్న,
విజిల్ ఒక్కటే తక్కువ.
మామూలుగా ఈ గదిలోకి ఎవరూ రారు.
మేడం వచ్చి స్టూలు మీద కూచుంది.
'చంపడానికే చేశానా ఓబులేసూ' అంది.

నిమజ్జనం అనే మాట నాలుకదాకా వచ్చింది.
తేలిగ్గా ఉంటుంది ఆ మాట. మింగేశాను.
'ఆ చెరువులు పూడ్చినోళ్ళు
ఏ పుస్తకంలోనూ సంతకం పెట్టలేదు మేడం' అన్నాను.
ఓదార్పో కాదో నాకే తెలీలేదు.
ఆమె మాత్రం రిజిస్టరు దగ్గరికి జరుపుకుని
నా పేరు కింద తన పేరు కూడా రాసింది.
నియమం ప్రకారం అది తప్పు. కొట్టేయలేదు.

మూత తీశాను.
ప్రాణం పోయింది. రంగు పోలేదు.
పళ్ళేలు వంకరపోయి, గట్లు కరిగి,
సంచిలో ధర్మాంబుధి సంపంగిలోకి,
సంపంగి ఆ సర్వే నంబరులోకి
పొర్లి కలిసిపోయాయి,
ఒకప్పటి గొలుసుకట్టులాగా.

తొడుగు చేతుల్తో సంచి ఎత్తి పట్టుకున్నాను.
ఇంకా వెచ్చగా ఉంది.
ఎటు వాల్చితే అటు పారుతోంది.